మీ అన్నయ్య చిగుళ్లు

మార్చి 9, ఆదివారం

చిరంజీవి మరిదికి,

మీ వదిన ఆశీస్సులు. మా తోడికోడలిని, పిల్లని అడిగానని చెప్పు. నువ్వు జవాబు రాయవని తెలిసే రాస్తున్నాను. చదవకుండా మాత్రం ఉండలేవు.

కొత్త ఉద్యోగానికి కోటు కుట్టించుకుందామని నువ్వు మన టైలరింగ్ షాపుకొస్తే, మీ అన్నయ్య బల్ల అవతలే నిలబడి పాత కోటేదైనా కొలతలకు ఆదిగా పంపమన్నారు. తోడబుట్టినవాడు టేపు పెట్టి కొలవడానికి కూడా పనికిరాడా అని నువ్వు మెట్లు దిగిపోయావు. అప్పట్నుంచీ మీ ఇద్దరికీ మాటల్లేవు. అది కాసేపు పక్కన పెట్టి, ఆయన ఆరోగ్యం సంగతి విను.

చిగుళ్ల జబ్బు ముదిరింది. బ్రష్ పెడితే రక్తం, కింది పళ్లు కదలడం. నొప్పి లేదు కదా అని ఊరుకున్నారు. పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే మీద గోటితో గీత గీసి, పళ్లను పట్టుకునే ఎముక ఇక్కడిదాకా తరిగిపోయిందంది. అన్నీ పీకించి కట్టుడు పళ్లు పెట్టించుకోవచ్చట. లేదంటే చిగుళ్ల కింద లోతుగా శుభ్రం చేసి, అది చాలని చోట చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లు వేస్తారట. పోయిన ఎముక చాలావరకు పోయినట్టేనట. కుట్లంటే నా పనేగా, ఎలా వేస్తారో చూపించమని ఈయన. నోరు తెరిచి ఉంచితే కుట్లు, మూస్తే కబుర్లు, ఏదో ఒకటి తేల్చుకోమని ఆవిడ.

పంటి వేరు మీంచి గీకిన గార దూది మీద చూపించారు. నల్లగా, రాయిలా ఉంది. ఇన్నాళ్లూ అది నోట్లో పెట్టుకుని తిరిగారు ఈ మనిషి.

కుట్లు విప్పాక కొన్ని వారాలకు మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఎర్రగా ఉబ్బి ఉండే చిగురు లేత గులాబీ రంగులో పంటిని అంటిపెట్టుకుని ఉంది. చిరిగిన బట్టకి ఎంత కుట్టినా కుట్టు మిగులుతుంది, దీనికి దారం తీసేస్తే జాడే లేదేమిటే అని ఆయన చేతిలో అద్దం దించలేదు.

కదిలే పళ్లను వెనకనుంచి సన్న తీగతో కలిపి కట్టారు. ఆపిల్ కొరకలేరు, ముక్కలు కోసిస్తే తింటారు. పళ్ల సందుల్లో బుల్లి బ్రష్షుతో రోజూ తోముకోవాలి, బతికున్నంత కాలం. విసుక్కుంటూనే తోముతున్నారు.

ఉంటాను.
మీ వదిన

తా.క.: ఈ వైద్యంతో మీకు ముఖ్యంగా ఏం కావాలని డాక్టరమ్మ మొదటి రోజే అడిగింది. మాంసం నమలాలంటారని అనుకున్నాను. ఛాతీ కొలవాలంటే మనిషిని దగ్గరికి తీసుకుని చుట్టూ చేతులు వేయాలమ్మా, నా నోటి వాసనకి మా తమ్ముడు మొహం తిప్పుకుంటే చూడలేక దూరంగా నిలబడ్డాను, వాణ్ణి కొలవాలి అన్నారు. నీతో చెప్పనని దారిలో నా చేత ఒట్టేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. షాపు తొమ్మిదింటికి తెరుస్తారు.