ముందు చెంబు

నాగమణీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన రాజి ఈ రోజు ఏడవకుండా స్నానం చేసింది. అది నీకు చెప్పాలనిపించింది.

ఇన్నాళ్లూ నీళ్లు పోయగానే తల గోడకేసి కొట్టుకునేది, నా చెయ్యి కొరికేది. మొండితనం అనుకుని రెండుసార్లు కొట్టాను కూడా.

నిన్న మణుగూరు నుంచి, ఇలాంటి పిల్లలకు ఇంటికొచ్చి నేర్పే టీచరమ్మ వచ్చి, పక్కన నిలబడి అంతా చూసింది.

"పిల్లకు చూపు లేదు, వినపడదు. నెత్తిన నీళ్లు ఎక్కడికెల్లి పడ్డయో ఎట్ల తెలుస్తది అన్నా? వాళ్లమ్మ ముందుగాల ఏం చేసేది?"

నాకు తెలియదు. నువ్వు పిల్లకు నీళ్లు పోసిన పదేళ్లలో ఒక్కనాడూ చూడలేదు. పక్కింట్లో ఉన్న మీ చిన్నమ్మే చెప్పింది.

"ముందు చెంబు చేతికిచ్చేది. పిల్ల తడిమినంకనే నీళ్లు పోసేది. ఆ దుకాణం లెక్కల పుస్తకం తప్ప ఇంట్ల ఏం చూసినవ్ అల్లుడా?"

ఈ పొద్దున చెంబు చేతికిచ్చాను. అంచు చుట్టూ వేలు తిప్పి నవ్వింది. నువ్వే వచ్చావనుకుంది. చెయ్యి చాచి నీ ముఖం కోసం వెతికింది. నా మీసం తగిలింది. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచింది.

కొరుకుతుందనుకున్నాను. చెంబు నా చేతిలో పెట్టి, తల వంచి కూర్చుంది.