గుండుతోనే వస్తాను

మెక్సికో నగరం,
మార్చి 1978.

అమ్మకు,

ముందుగా నీ దీవెన అడిగి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం, నా గొంతు క్షేమం. నువ్వు అడగలేదు గానీ నా గుండు కూడా క్షేమమే. మన ఊరు అల్వరాదోలో నువ్వూ, పెళ్ళికూతురు నెరెయిదా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం, ఎండు రొయ్యల పొట్లం ఒకేరోజు అందాయి. నాలుగు పేజీల తిట్లు రాసి కూడా రొయ్యలు పంపావంటే నువ్వు నా తల్లివే. రొయ్యలు తింటూ తిట్లు చదివాను. రెండింటిలోనూ కారం సరిపోయింది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. వేళకు తింటున్నాను. కొత్త సినిమాలో జైలు ఖైదీల నాయకురాలిగా నేను కొట్టిన చెంపదెబ్బ నిజమైనదే. ఆ దెబ్బ తిన్న నటుడు ముందురోజు నా నడుము గిల్లాడు. దర్శకుడు "ఇంకోసారి కొట్టమ్మా, బాగా వచ్చింది" అన్నాడు. నేను కాదనలేదు. వేదిక మీద వేసుకునే నెమలీకల అంగీ పదకొండు కిలోలు. దానితో మెట్లు దిగుతూ పాడాలి. మన పడవల్లోంచి చేపల బుట్టలు మోసిన భుజాలు కాబట్టి నాకు అలవాటే.

ఎదురింటి దోన్యా యులాలియా నాకు పేలు పట్టాయని అంటోందా? "పేలు కాదు, జైలుకెళ్ళొచ్చింది" అని ఆమె కోడలు అంటోందా? అత్తాకోడళ్ళిద్దరూ ముందు ఒక మాట మీదికి రమ్మను.

ఇక అసలు సంగతి. చెల్లి తన పెళ్ళిలో వధూవరుల భుజాల మీద జంటదండ వేసే పెద్దరికం నాకిచ్చింది. నువ్వేమో, "విగ్గు పెట్టుకుని రా, లేదంటే గుమ్మం తొక్కకు" అని రాశావు. అక్కడితో ఆగినా బాగుండేది. "నిన్నిలా బోడిగుండుతో చూసేకంటే నేను ఆ ఆపరేషన్ బల్ల మీదే పోయుంటే బాగుండేది" అన్నావు. ఆ ఒక్క వాక్యానికి నాకు ఒళ్ళు మండింది. ఇంతకాలం దాచినది ఈరోజు చెప్పేస్తున్నాను.

రెండేళ్ళ కిందట నేనింకా షాంపూ ప్రకటనల పిల్లనే కదా. నడుం దాటిన జుట్టుతో గోడలన్నిటి మీదా ఉండేదాన్ని. ఆ చిత్రీకరణలో ఉండగా నెరెయిదా ఫోన్ చేసింది. "అక్కా, డాక్టర్లు అమ్మ పొట్ట కోసి, ఏమీ చేయలేమని మళ్ళీ కుట్టేశారు. దేవుడి మీద భారం వేయమంటున్నారే" అని ఏడ్చింది. నేను అక్కడే నిలబడి గ్వాదలూపే మాతకు మొక్కుకున్నాను. అమ్మ లేచి కూర్చుంటే నా జుట్టంతా నీదే తల్లీ అన్నాను. తొమ్మిదో రోజున నువ్వు చేపల చారు అడిగావని కబురొచ్చింది.

అందరూ ఒక జడ కత్తిరించి ఇస్తారు. గుడి దగ్గర ఒక ముసలమ్మ, "ఒక్క జడ చాలు బిడ్డా, మాత కోపగించుకోదు" అంది. "జుట్టంతా అన్నాను బామ్మా, ఇప్పుడు బేరమాడలేను" అన్నాను. సంతలో మంగలి చేత నున్నగా గీయించుకుని రెండు జడలూ తీసుకెళ్ళి సమర్పించాను.

షాంపూ వాళ్ళు ఆ వారమే పొమ్మన్నారు. "మాకు కావలసింది జుట్టు, నువ్వు కాదు" అని మొహం మీదే చెప్పారు. మూడు నెలలు పని లేదు. అప్పుడు క్యాబరే హాలు నడిపే దోన్ ఫుల్హెన్సియో నా తల చూసి, "పాడగలవా?" అన్నాడు. పాడాను. "గొంతులో గులకరాళ్ళున్నాయే! రేపట్నుంచి రా" అన్నాడు. ఆ పాటలే సినిమాలు తెచ్చాయి. అమ్మా, జుట్టున్నప్పుడు నా పేరు ఎవరికీ తెలియదు. ఇప్పుడు వీధిలో పేరు పెట్టి పిలుస్తున్నారు.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు నన్ను పుణ్యాత్మురాలిని చేసి ఊరంతా తిప్పుతావు. అది నీ తిట్లకంటే బరువు. ఇప్పుడూ నీ క్షమాపణ కోసం చెప్పడం లేదు. చచ్చిపోయుంటే బాగుండేదన్న మాట ఇంకెప్పుడూ అనకూడదని చెబుతున్నాను. నువ్వు బతకాలని నేనెంత ఏడ్చానో నీకు తెలియదు.

ఈ కథను గుడి మెట్ల మీద అందరికీ చెప్పి నన్ను వెనకేసుకు రావాలని చూడకు. ఆ మొక్కు తీరిపోయి రెండేళ్ళయింది. జుట్టు మళ్ళీ పెరుగుతూనే ఉంది, నేనే ప్రతి శనివారం గీయించుకుంటున్నాను. మొదటిసారి నీ ప్రాణం కోసం. ఆ తర్వాత ప్రతిసారీ నాకు నచ్చి.

శుక్రవారం బస్సుకు వస్తున్నాను. విగ్గు తేవడం లేదు. గుమ్మం మూసి ఉంటే వీధిలోనే పాడతాను, నా గొంతు ఎంత దూరం వినబడుతుందో నీకు తెలుసు.

ఇట్లు,
పెళ్ళిలో ముందు వరసలో నీ పక్కన నిలబడబోయే నీ పెద్ద కూతురు,
జొరైదా