జాబితాలో రాయనిది

11 జులై 2004, ఆదివారం. పొద్దుటినుంచీ ముసురు. డాబా మీద నీళ్లు నిలిచిపోతే తూములో ఆకులు తీశాను.

మా ఊరి పక్క గమ్హరియాలోని వర్క్‌షాప్‌లో పనిచేసే అప్పల్రాజు తడిసి వచ్చాడు. లినక్స్ కోసం నేను ప్యాకేజీ చేసి, ఎవరైనా వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టిన పైథాన్ ప్రోగ్రాముల లైబ్రరీ అతని కంప్యూటర్‌లో నడవడం లేదట.

"రెండ్రోజులుగా తల బాదుకుంతన్నానన్నా. నాకే బుర్ర నేదేమో. ఇంజనీర్లకి సూపిత్తే నవ్వుతారు" అన్నాడు.

వెతికితే తప్పు నాదే. ఆ లైబ్రరీ నడవాలంటే మరో లైబ్రరీ ఉండాలి. అది నా కంప్యూటర్‌లో ఎప్పటినుంచో ఉంది కనుక, కావలసినవాటి జాబితాలో రాయాలని తోచలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే బుద్ధూని నాను కాదన్నమాట!"

టీ తెచ్చిన లక్ష్మి, "బుద్ధూ ఎవరో నాకు పెళ్లయినప్పుడే తెల్సు తమ్ముడూ" అంది. ముగ్గురం నవ్వాం.

అతను వెళ్లాక సరిచేశాను. ఏం మార్చామో అందరూ చదివేచోట "చిన్న సవరణ" అని రాశాను. అది అబద్ధం కాదు. కానీ ఎవరికీ చెప్పుకోలేక తమనే తిట్టుకుంటున్నవాళ్లు ఇంకెందరున్నారో. నేనూ ఒక్కణ్ణే నేర్చుకున్నవాణ్ణి, ఆ సిగ్గు తెలుసు. చెరిపేసి, "రాయడం నేను మరిచాను. వాడినవారి తప్పేమీ లేదు" అని రాసి, నా పేరు పెట్టి పంపాను.

లక్ష్మి దోమతెర కట్టమని పిలుస్తోంది. వెళ్లి కడతాను.