పదో నంబరు ఇంటి హాజరు

కడప,
ఏప్రిల్ 16, 2020.

పదో నంబరు ఇంట్లో ఉంటున్న విశ్వాసమ్మ గారికి, కరుణ గృహ సంఘం కార్యదర్శి గాబ్రియేలు వందనములతో రాయునది.

ఏటా ఏప్రిల్ ఇరవైన కమలాపురం దగ్గర మన సంఘం కట్టించిన వరస ఇళ్ళకు నేను రావడం, మీరంతా గుమ్మాల ముందు నిలబడి నా పుస్తకంలో వేలిముద్ర వేయడం మీకు తెలిసిందే. ఈ ఏడు లాక్‌డౌన్. నేను కడప దాటితే పోలీసులు ఊరుకోరు, దాటకపోతే ఏడో నిబంధన ఊరుకోదు. ఇల్లు ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఏటా హాజరు వేయించుకోవాలి, లేదంటే ఇల్లు జాబితాలో తరువాతి వారికి పోతుంది. ఆ మనిషి కాలం చేస్తే ఇంట్లోని వారసుల పేరున రాయవచ్చు గానీ వాళ్ళకు పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. మీ మనవరాలు దీవెనకు ఆగస్టు పద్నాలుగున గానీ నిండవు. ఆ పిల్లకు మీరు తప్ప ఎవరూ లేరు కనుక ఆరోగ్యం జాగ్రత్త.

ఎవరినీ ఇల్లు ఖాళీ చేయించవద్దని పైనుంచి ఆదేశాలున్నాయి. మా అధ్యక్షులు రాజశేఖర్ గారు మాత్రం ఆదేశం ఆదేశమే, హాజరు హాజరే అంటున్నారు. ఆలోచించి ఉత్తరం ద్వారా హాజరు అనే పద్ధతి పెట్టాను. ఫోనులో చెబితే చెల్లదు. చదువు వచ్చినా రాకపోయినా కాగితం మీద కుడి బొటనవేలి ముద్ర ఉండాలి.

ఇట్లు,
గాబ్రియేలు

తా.క. ముద్ర వేసే ముందు చేతులు సబ్బుతో ఇరవై లెక్కపెట్టేంత సేపు కడుక్కోండి.


కమలాపురం,
ఏప్రిల్ 24.

ప్రభువు నామమున సెక్రటరీ గారికి విశ్వాసమ్మ వందనాలు. నాకు చదువు రాదు కనుక తొమ్మిదో నంబరు జులేఖా బీ చేత రాయిస్తున్నాను.

అల్లా దయ వల్ల నేను బాగున్నాను. దీవెన బాగుంది. ఇల్లు బాగుంది. ఇంట్లోనే ఉంటున్నాను, ఎక్కడికీ పోవడం లేదు, పోయే ఆలోచన కూడా లేదు. రేపో ఎల్లుండో ఉపవాసాలు మొదలవుతాయి, ఆ పనుల్లో ఉన్నాను. కింద నా ముద్ర ఉంది. మీరు చెప్పినట్టే చేతులు కడుక్కున్నాను. తడి ఆరకముందే వేసినందున పైసగం చెరిగిపోయింది. అది నా తప్పు కాదు, సబ్బు తప్పు.

ఇట్లు,
విశ్వాసమ్మ (వేలిముద్ర)

తా.క. ఇది జులేఖా బీ సొంతంగా రాసుకున్నది. మీ ఉత్తరం మీద పేరు చూసి పోస్టుమాన్ కంబన్న చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఇది ఎవురికియ్యల్లమ్మా?" అన్నాడు. "నాకియ్యప్పా, నేను చదివి చెప్తాలే" అన్నాను. ఇచ్చి పోయాడు. మంచివాడు.


కడప,
మే 2.

విశ్వాసమ్మ గారికి గాబ్రియేలు వందనములు.

మీ ఉత్తరం అందింది. ముద్రను పాత పుస్తకంతో పోల్చి చూశాను, సరిపోయింది. ఆ మాటే ఫైలులో రాశాను.

రెండు సందేహాలు. మన ఉపవాసాలు ఈస్టరుతోనే అయిపోయాయి కదా, మీరు కొత్తగా మొదలుపెట్టడం ఏమిటని రాజశేఖర్ గారు అడిగారు. భక్తి ఎక్కువైన మనిషి అని చెప్పాను. ఇక అల్లా దయ అన్నది రాసిన ఆవిడ చేతి అలవాటు అన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఇకమీదట రాసే ఆవిడను కొంచెం నిదానంగా రాయమనండి.

ఎవరైనా వచ్చి ఇల్లు ఖాళీ చేయమంటే చూపించడానికి ఒక నోటీసు జత చేస్తున్నాను. తలుపు మీద అంటించండి. ఇక మీ ఇంటి జోలికి ఎవరూ రారు.

ఇట్లు,
గాబ్రియేలు

తా.క. ప్రెస్సులు మూసేశారు. ఆఫీసులో క్రిస్మస్‌కు కొని మిగిలిన ఎర్ర కాగితం తప్ప ఏమీ లేదు. రంగు పట్టించుకోకండి.


కమలాపురం,
మే 14.

సెక్రటరీ గారికి విశ్వాసమ్మ వందనాలు.

మీరు రాసినట్టే ఇంటి జోలికి ఎవరూ రావడం లేదు. జబ్బు వచ్చిన ఇళ్ళకు ఇక్కడ ఎర్ర కాగితమే అంటిస్తున్నారు. మీ నోటీసు అంటించిన గంటలో వరస ఇళ్ళ రెండు వైపులా తుమ్మకంప అడ్డం పడింది. పాలు పోసే హంపమ్మ చెంబు దూరంగా పెట్టి, "ఏమ్మా, లోపల ఎంతమంది ఉండారు?" అని అరిచి పరుగెత్తింది. ఇప్పుడు పాలు లేవు, కూరగాయలు లేవు. నోటీసులో ఏముందో చదవమని ఎంత మొత్తుకున్నా దగ్గరికి వచ్చి చదివే ధైర్యం ఎవరికీ లేదు.

నాలుగో రోజు తెల్ల గౌన్లు తొడుక్కుని ఆసుపత్రి వాళ్ళు వచ్చారు. పైఊరి వాళ్ళు. జాబితా చూసి, "విశ్వాసమ్మ ఎవురు? బయటికి రావల్ల" అన్నారు. దీవెన గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. వరసంతా తలుపుల సందుల్లోంచి చూస్తున్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. నేనే విశ్వాసమ్మను కనుక నేనే పోయాను. ముక్కులో పుల్ల పెట్టారు. జబ్బు లేదని వాళ్ళిచ్చిన కాగితం దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
విశ్వాసమ్మ (వేలిముద్ర)

తా.క. జులేఖా బీ సొంతం. ముక్కు ఇంకా మండుతోంది. విశ్వాసమ్మ ముక్కు. ముక్కులో పుల్ల పెడితే ఉపవాసం చెడుతుందా అని మసీదు హజ్రత్‌ను కూడా అడిగించాను. చెడదన్నారు. ఊరికే తెలుసుకుందామని అడిగించాను.


కడప,
జూన్ 5.

విశ్వాసమ్మ గారికి గాబ్రియేలు వందనములు.

ఎర్ర కాగితం విషయంలో నాకు తల ఎత్తుకోవడానికి లేదు. మిమ్మల్ని కాపాడదామని మీ ముంత పాలు కూడా ఆపించాను. కంప తీసేయమని మండలం ఆఫీసుకు రాసి, తీసేశారని తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు. నన్ను క్షమించండి.

ఆసుపత్రి కాగితం ఫైలులో పెట్టాను. "విశ్వాసమ్మ, ఆడ, ఆరోగ్యం బాగున్నది" అని ముద్ర కూడా ఉండేసరికి రాజశేఖర్ గారు ఫైలు నాకు తిరిగి ఇచ్చేశారు. అయినా ముందు జాగ్రత్తగా ఇంటి స్థితి మీద పన్నెండు ప్రశ్నలు పంపుతున్నాను. కిటికీలు ఎన్ని, తలుపు గడియ పడుతుందా, ఇలాంటివి. ఒక్కో ఉత్తరంలో ఒక్క ప్రశ్నకే జవాబు రాయాలి. ప్రతిదాని కిందా ముద్ర ఉండాలి. తొందరేమీ లేదు. పన్నెండోది ఆగస్టు పద్నాలుగు కన్నా ముందు నాకు అందకపోయినా నష్టం లేదు.

ఇట్లు,
గాబ్రియేలు

తా.క. చర్చి మూసే ఉంది. విశ్వాసమ్మ గారు ఎప్పుడు కడప వచ్చినా ముందు బెంచీలో కూర్చుని, పాట అందరికంటే ఒక మాట ముందే పాడేసేవారు. పాడేసేవారు అని రాశాను. పాడేస్తారు అని చదువుకోండి.


కమలాపురం,
ఆగస్టు 17.

సెక్రటరీ గారికి తొమ్మిదో నంబరు జులేఖా బీ సలాం చేసి రాయునది.

ఈ ఉత్తరం నా పేరుతోనే రాస్తున్నాను. పదో నంబరు విశ్వాసమ్మ మొన్న ఆగస్టు పదిహేనున కాలం చేసింది. దీవెనకు పద్నాలుగునే పద్దెనిమిది నిండాయి. నిబంధన ప్రకారం ఇల్లు ఆ పిల్ల పేరున రాయగలరు. పదకొండు ప్రశ్నల జవాబులు మీకు ముందే అందాయి, పన్నెండో ప్రశ్నకు జవాబు ఆమె పోకముందే రాయించింది, జత చేశాను. కిటికీ ఒకటే.

ఇంతకంటే రాయడానికి చేయి రావడం లేదు.

ఇట్లు,
జులేఖా బీ

తా.క. మీరు అడిగిన గడియ పడదు. ఆమె ఎప్పుడూ తలుపు వేసుకోలేదు కనుక అది పడదని మీ ప్రశ్న వచ్చాకే తెలిసింది.


కడప,
ఆగస్టు 24.

జులేఖా బీ గారికి గాబ్రియేలు నమస్కరించి రాయునది.

దీవెన పేరున ఇంటి కాగితం దీనితో పంపుతున్నాను. రాజశేఖర్ గారు సంతకం చేశారు. ఇక ఆ ఇంటి నుంచి ఆ పిల్లను ఎవరూ కదపలేరు. ఆఫీసు పని అయిపోయింది కనుక మిగతాది మనిషిగా రాస్తున్నాను.

విశ్వాసమ్మ గారి కుడి బొటనవేలు పైభాగం వేరుశనగ మిషన్‌లో పోయిందని మీకు తెలుసు. అందుకే సబ్బు మీద నెపం పెట్టి పైసగం చెరిపారు. కానీ మిగిలిన కిందిభాగంలో అడ్డంగా కుట్ల గీత ఉండేది. పదిహేనేళ్ళు ఆ గీతను నా పుస్తకంలో చూశాను. మీ మొదటి ఉత్తరంలో అది లేదు. పోల్చి చూశాను, సరిపోయింది అని రాశానే, ఫైలులో నేను రాసిన మొదటి అబద్ధం అది. ఆమె పోయిందని నాకు ఆ రోజే తెలుసు.

మీకు ఒక్క మాట రాసి అడగాలని ఎన్నోసార్లు కాగితం తీశాను. అడిగితే ఫైలుకెక్కుతుంది. ఫైలుకెక్కితే ఏడో నిబంధన. అది రాసింది ఎవరో కాదు, నేనే. ఎవరో ఒకరు ఇల్లు బాడుగకిచ్చుకున్నారని కోపం వచ్చి, ఒక్క సాయంత్రం కూర్చుని రాశాను. రాసినప్పుడు గర్వపడ్డాను కూడా. ఇంత కాలంగా తెలిసిన మనిషి పోతే ఏడవడానికి లేక, నోటీసు అంటించండి, కిటికీలు ఎన్ని అని నాలుగు నెలలు ఉత్తరాలు రాశాను. మీరు ముక్కు ఇచ్చారు. ఉపవాసంలో తుమ్మకంప వెనక కూర్చున్నారు. నేను ఇచ్చింది ఎర్ర కాగితం. సంఘ పెద్దగా ఆమె సమాధి దగ్గర నిలబడవలసినవాణ్ణి, ఆ సంగతి తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంది.

నిజం తేదీ రాసి పంపండి. ఎక్కడ పెట్టారు, ఎవరు మోశారు, ఎవరైనా పాట పాడారా, అది కూడా. ఫైలుకు కాదు, నాకు. వేరే కాగితం మీద రాయండి. దారులు తెరిచారు కనుక వచ్చే వారం వస్తాను. ఈసారి పుస్తకం తేను.

ఇట్లు,
గాబ్రియేలు

తా.క. ఇంత రాసిన మీరు తొమ్మిదో నంబరు ఇంటి హాజరు ఈ ఏడు వేయించుకోవడం మరిచిపోయారు. రాజశేఖర్ గారు నిన్ననే పట్టుకున్నారు. కంగారుపడకండి, హాజరు వేసేశాను. మీ వేలిముద్రలు నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి.