కుస్కో అంటే కూర్చుంది

ఆదివారం, బాగన్ దాతుక్

పెరూ టికెట్లు బుక్ చేశానని పెద్దమ్మకు చెప్పాలని సైబర్‌జయ నుంచి కారేసుకుని మరీ వచ్చాను. మెట్లెక్కి, గుమ్మంలోనే ఆగలేక "పెద్దమ్మా, కుస్కో!" అని అరిచాను. ఆవిడ గబుక్కున కుర్చీలో కూలబడి గుండె పట్టుకుంది.

"కూకున్నాను, సెప్పు. ఎవులు పోనారు?"

ఎవరూ పోలేదని, అది ఆండీస్ కొండల మీద ఉన్న ఊరి పేరని చెప్పాను. ఇంకా రాజుల రాజధాని అని కూడా అన్నాను.

"ఇంకా రాజులున్నారా? మన దేశంలోనూ సుల్తాన్లున్నారు లా! దానికి అంత దూరమేటి?"

ఇంకా అన్నది వంశం పేరని చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. సున్నం లేకుండా రాయికి రాయి అతికినట్టు కట్టిన గోడల ఫొటోలు చూపించాను. అవి నచ్చాయి. ఆ ఊపులో, అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుందని, నాలుగడుగులకే ఆయాసం వస్తుందని నోరు జారాను. పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నా ఇంటి మెట్లు ఎక్కినందుకే రొప్పుతున్నావు. ఆ ఊరి పేరే సెప్తంది కదే, ఇనబడ్డం లేదేటి? కూకో!"

కూర్చున్నాను. టికెట్లు రద్దు చేసుకోవాలా, రేపటి నుంచి నడక మొదలుపెట్టాలా... ముందు ఈ ఆయాసం తగ్గాలి. ఇంకా తగ్గలేదు.