కనిపెట్టింది మందు కాదు

పెదనాన్నగారికి నమస్కారాలు. పూణెలో నేను కులాసా.

"మన రోజా మందు కనిపెట్టీసింది, ఇంకీ మాత్రలేటికి?" అని మీరు మాత్రలు మానేశారని చెల్లి ఫోన్లో చెప్పింది.

మా ల్యాబులో మేం కనిపెట్టింది మందు కాదు. నరాల కణాల్లో కంటికి కనిపించని బొట్లుంటాయి. వాటిలోని ప్రొటీన్ పోగులు జారుతూ కదులుతున్నంత కాలం బొట్టు మెత్తగా ఉంటుంది. మీ చేతుల్లో పట్టు తగ్గించిన జబ్బులాంటి వాటిలో ఆ పోగులు సాగి, ఒకదానికొకటి అతుక్కుని, బొట్టు గట్టిపడుతుందని అనుకుంటున్నాం. అతుక్కునే తీరు కొంత చూశాం, అంతే. ఆపడం ఇంకా తెలియదు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టండి. తమ్ముణ్ణి తీసుకుని విశాఖ డాక్టరు దగ్గరకు బేగి వెళ్లండి. జీడితోటలో పూత నిలిచిందా?

పెద్దమ్మకు నమస్కారాలు. జవాబు మీ చేత్తోనే రాయండి. అక్షరాలు వంకరపోయినా చదువుకుంటాను.

మీ రోజారమణి