చెల్లి కానుపులోగా

లాయరు గారికి నమస్కారాలు.

గొలుసు పోయిందన్న ఆ ఇంటికి బట్టల కొలతలు తీసుకోవడానికే వెళ్ళాను. గొలుసు నేను తీయలేదు. ఊరంతా కాదన్నా మీరు నమ్మారు.

నా తొందరంతా చెల్లి గురించే. దానికి మూడో నెల. గుండె బలహీనమన్నారు. అమ్మ లేదు, దాని మొగుడు ఎటో పోయాడు, ఉన్నది నేనొక్కదాన్నే. కానుపులోగా బెయిలు ఇప్పించండి. నా చర్మంతో మీకు చెప్పులు కుడతానందామంటే నాకొచ్చింది చొక్కాలు కుట్టడమే.

మొన్న మీ కాలరు మడతపడి ఉంది. ఊచల్లోంచి చెయ్యి చాచబోయి ఆగిపోయాను.

ఇట్లు,
మీ కుట్టుమిషను మనిషి

ప్రియమైన కుట్టుమిషనుకి,

ఆగకుండా ఉండాల్సింది. నా కాలరు చూసేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

బెయిలు మళ్ళీ వాయిదా పడింది. అవతలి వకీలు మొండిఘటం. నువ్వు కోర్టుకు రావద్దు, బోనులో నిన్ను చూడలేను. నువ్వు రానక్కర్లేదని జైలు వాళ్ళకి నేనే రాస్తున్నాను. రోజూ ఉత్తరం రాయి. బయటికెళ్తే నన్ను మరిచిపోతావేమోనని భయం. నవ్వకు.

నీవాడు

ప్రియమైన మీకు,

మరిచిపోతానా, పిచ్చి మనిషీ. చెల్లికి నెలలు నిండాయి. కాళ్ళు వాచాయని పక్కింటి పిన్ని కబురంపింది. ఆసుపత్రికి పదమంటే అక్క వస్తేనే అంటోందట. ముందు నన్ను దాని దగ్గరికి చేర్చండి. తర్వాత మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.

మీదాన్నే

ప్రియమైన నీకు,

ఈ మాట నేనే రాయాల్సి వచ్చింది. కానుపులో నీ చెల్లి పోయింది. ఆడపిల్ల బతికింది, పిన్ని దగ్గరుంది. నీకిక నేనున్నాను. మళ్ళీ వాయిదా తప్పలేదు. ఈసారి కూడా కోర్టుకు రావద్దు.

నీవాడు

లాయరు గారికి,

జైలరమ్మ కాళ్ళావేళ్ళా పడి కోర్టుకు వచ్చాను. నన్ను చూసి మీ మొహం పాలిపోయింది. "ఏమయ్యా, ఇది ఐదోసారి. నీకింకా ఎంత గడువు కావాలి?" అని జడ్జిగారు అడిగింది మిమ్మల్ని. "బెయిలుకి మాకు మొదట్నుంచీ అభ్యంతరం లేదండీ" అన్నాడు అవతలి వకీలు.

మిమ్మల్ని నమ్ముకోకుండా పిల్లని చేరాలంటే అదే దారనిపించి, గొలుసు నేనే తీశానని అప్పుడే ఒప్పేసుకున్నాను. "అబద్ధం" అని మీరు అరిచారు. ఇన్నాళ్ళలో నా తరఫున మీరు గొంతెత్తింది ఆ ఒక్కసారే. జడ్జిగారు ఆరు నెలలు శిక్ష వేశారు. అప్పటికే ఏడు నెలలు లోపలున్నాను కాబట్టి సాయంత్రానికి వదిలేశారు.

ఇక దొంగనే. కొలతలకి ఎవరూ గడప తొక్కనివ్వరు. మీ ఉత్తరాల కోసం ఎదురుచూసిన సిగ్గు ముందు అది ఎంత.

పిల్ల నా ఒళ్ళో ఉంది. అమ్మ ఎలా పోయిందని పెద్దయ్యాక అడిగితే మీ దగ్గరికే పంపిస్తాను. ఏం చెప్పాలో ఇప్పటినుంచే ఆలోచించుకోండి.

ఇట్లు,
ఈ పిల్ల పెద్దమ్మ